అదును మీద బతికే చేప: కాపెలిన్ జీవన విధానం

సభకు నమస్కారం. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే సామెత పుట్టిన నేల మనది కాబట్టి, చేప మీద ప్రసంగం అనగానే శ్రోతల మనసు రుచి మీదికి పోవడం సహజమే. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయే చేపను మాత్రం మనలో చాలామంది చూసి ఉండరు. చూసినవారు కూడా ఫలానా చేప అని తెలియకుండానే చూసి ఉంటారు. సుషీ మీద నారింజ రంగులో చల్లి ఉండే సన్నని గుడ్లు, జపనీయులు మసాగో అని పిలిచేవి, ఈ చేపవే. ఆ నారింజ రంగు చాలావరకు కలిపిన రంగే అనుకోండి. చేప పేరు కాపెలిన్, శాస్త్రీయ నామం మల్లోటస్ విల్లోసస్. ఉత్తర అట్లాంటిక్, ఉత్తర పసిఫిక్ సముద్రాల చల్లని నీటిలోనూ, ఆర్కిటిక్ అంచుల్లోనూ గుంపులుగా తిరిగే ఈ చిన్న చేప ఎప్పుడు తింటుంది, ఎప్పుడు గుడ్లు పెడుతుంది, దాని పిల్లలు ఎప్పుడు నీళ్లలోకి వస్తాయి అన్న మూడు విషయాల మీద ఆ సముద్రాల్లోని పెద్ద చేపల, పక్షుల, తిమింగలాల బతుకు ఎంతగా ఆధారపడి ఉందో చెప్పడమే నా ఉద్దేశం.

ముందుగా రూపం. పూర్తిగా ఎదిగిన కాపెలిన్ 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవుంటుంది. సన్నని ఒళ్లు, ఆకుపచ్చ మెరిసే వీపు, వెండి రంగు పక్కలు, కొద్దిగా ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడ ఉంటాయి. వీపు మీద తోకకు దగ్గరగా, ముళ్లు లేని చిన్న కొవ్వు రెక్క ఒకటి కనిపిస్తుంది. సాల్మన్‌లోనూ ఉండే ఆ రెక్కను చూసి ఇది ఏ వంశానికి దగ్గరిదో పోల్చుకోవచ్చు. ఇది స్మెల్ట్ చేపల కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో చాలా చేపలను నీళ్లలోంచి తీసిన వెంటనే కీరదోసకాయ వాసన వస్తుంది. డెన్మార్క్ ప్రకృతి శాస్త్రవేత్త ఓటో ఫ్రీడ్రిక్ ముల్లర్ 1776లో దీనిని శాస్త్రీయంగా వర్ణించాడు. నార్వే, రష్యాలకు ఉత్తరాన ఉన్న బారెంట్స్ సముద్రంలో ఒకటి, ఐస్‌లాండ్, తూర్పు గ్రీన్‌లాండ్, యాన్ మాయెన్ దీవి నడుమ ఒకటి, కెనడా తూర్పు తీరాన న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్ ప్రాంతంలో మరొకటి పెద్ద నిల్వలు. ఒక ప్రాంతంలో ఉండే చేపల మొత్తం రాశినే నిల్వ అంటున్నాను. అలాస్కా, బేరింగ్, ఒఖోట్‌స్క్ సముద్రాల్లో కూడా ఇది ఉంది. నేను ఎక్కువగా మొదటి మూడింటి గురించే మాట్లాడతాను, ఎందుకంటే ఈ చేప గురించి మనకు తెలిసినదానిలో అధికభాగం అక్కడినుంచే వచ్చింది.

మన తీరంలో నెత్తళ్లు, కవళ్లు ఏ స్థానంలో ఉన్నాయో ఆ సముద్రాల్లో కాపెలిన్ ఆ స్థానంలో ఉంది. నీటిలో తేలాడే చిన్నచిన్న జంతువులైన జంతు ప్లవకాలను తిని, వాటిలోని శక్తిని తన ఒంట్లో కొవ్వుగా పోగుచేసి, తాను పెద్ద జీవులకు ఆహారమవుతుంది. అయితే ఒక పెద్ద తేడా ఉంది. వెచ్చని సముద్రంలో ఈ పని చేసే చిన్న చేపలు అనేక జాతులున్నాయి. ఒకటి తగ్గిన ఏడాది మరొకటి పెరగవచ్చు. ఉత్తరాన ఆ జాబితా చాలా చిన్నది. హెర్రింగ్, ఇసుక ఈల్, ధ్రువ కాడ్ వంటివి కొన్ని ఉన్నాయి, కానీ న్యూఫౌండ్‌లాండ్ తీరాన కాడ్ చేపకు గానీ, వేసవిలో వచ్చే హంప్‌బ్యాక్ తిమింగలానికి గానీ కాపెలిన్‌తో సమానమైన ప్రత్యామ్నాయం లేదు. కింద ప్లవకాలు అనేక రకాలు, పైన వేటాడే జీవులు అనేక రకాలు, మధ్యలో మాత్రం దాదాపుగా ఒక్క చేప. శక్తి అంతా ఆ సన్నని దారిగుండానే పైకి పోవాలి.

దాని ఏడాది ఎలా గడుస్తుందో చూద్దాం. వసంతంలో మంచు వెనక్కి తగ్గుతున్నకొద్దీ, ఇన్నాళ్లూ చీకట్లో ఉన్న నీటి మీద ఎండ పడి వృక్ష ప్లవకాలు ఒక్కసారిగా పెరుగుతాయి. వాటిని తినడానికి కెలానస్ జాతి కోపిపాడ్లు, అంటే రొయ్యల దూరపు చుట్టాలైన బుల్లి జీవులు, లోతుల్లోంచి పైకి వస్తాయి. వాటి వెంట క్రిల్ రొయ్యలు, వాటన్నిటి వెంట కాపెలిన్ వస్తాయి. బారెంట్స్ సముద్రంలో ఇవి వేసవిలో మంచు అంచును వెన్నంటి ఉత్తరానికి, ఈశాన్యానికి మేతకు పోతాయి. ఐస్‌లాండ్ నిల్వ యాన్ మాయెన్ దీవి వైపు, గ్రీన్‌లాండ్ వైపు పోతుంది. నీరు వేడెక్కుతున్నకొద్దీ ఈ మేత పొలిమేర గత ఇరవై ఏళ్లుగా పడమటికి, గ్రీన్‌లాండ్ తీరానికి జరిగిందని పరిశీలకులు గమనించారు. శరదృతువు వచ్చేసరికి మేతకు పోయిన చేప ఒంట్లో కొవ్వు శాతం 15 నుంచి 20 దాకా చేరవచ్చు. గుడ్లు పెట్టే సమయానికి అది కొద్ది శాతానికి పడిపోతుంది. శీతాకాలమంతా అది దాదాపుగా ఏమీ తినదు, నిల్వ చేసుకున్న కొవ్వునే గుడ్లుగా, వీర్యంగా మారుస్తుంది. అంటే ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో దొరికిన తిండే మరుసటి వసంతపు సంతానం. ఆ మేత కొరవడితే దాని ఫలితం ఆరు నెలల తరువాత, వేరే సముద్రపు ఒడ్డున కనిపిస్తుంది.

గుంపుగా తిరగడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పగటివేళ కాపెలిన్ లోతుకు దిగి దట్టంగా గుమిగూడుతుంది. రాత్రి పైకి వచ్చి, తినే ప్లవకాల వెంట పలచగా పరుచుకుంటుంది. దానికి ఒంట్లో గాలి నిండిన సంచి, అంటే గాలితిత్తి, ఉండడంతో ధ్వని తరంగాలు తగిలి వెనక్కి వస్తాయి. ఓడ మీద నుంచి ధ్వనితో ఈ చేపల రాశిని అంచనా వేసే పద్ధతి 1970లలో బారెంట్స్ సముద్రంలో ఏటేటా జరిగే సర్వేగా స్థిరపడింది. ఐస్‌లాండ్‌లో హ్యాల్మర్ విల్హ్యాల్మ్‌సన్ అనే శాస్త్రవేత్త దాదాపు తన వృత్తి జీవితమంతా ఈ ఒక్క చేపను వెతకడానికే వెచ్చించాడు. మామూలు ధ్వని పరికరం ఓడకు నేరుగా కింద ఉన్న సన్నని పట్టీని మాత్రమే చూపుతుంది కాబట్టి, గుంపు ఎలా పుడుతుందో, ఎలా చెదురుతుందో చూడడానికి అది చాలదు.

ఆ లోటు తీర్చిన పరిశీలన ఒకటి 2014 ఫిబ్రవరి 27న నార్వే ఉత్తర తీరం దగ్గర జరిగింది. పదుల కిలోమీటర్ల విస్తీర్ణాన్ని ఒకేసారి చూడగల ధ్వని పద్ధతితో, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, నార్వే సముద్ర పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు ఆ ఉదయం గుడ్లు పెట్టడానికి వచ్చిన కాపెలిన్‌ను గమనించారు. గాలితిత్తి పరిమాణాన్ని బట్టి ఒక్కో జాతి చేప ఒక్కో ధ్వని పౌనఃపున్యానికి గట్టిగా స్పందిస్తుంది కాబట్టి, కాడ్‌ను, కాపెలిన్‌ను వేరుచేసి చూడగలిగారు. అంతవరకు విడివిడిగా, ఎవరి దారిన అవి తిరుగుతున్న చేపలు సాంద్రత ఒక హద్దు దాటగానే ఒకే వేగంతో, ఒకే దిక్కుకు కదలడం మొదలుపెట్టి, పది కిలోమీటర్లకు పైగా పొడవున్న ఒకే గుంపుగా మారాయి. ఆ గుంపులో సుమారు 2 కోట్ల 30 లక్షల కాపెలిన్ ఉన్నాయి. ఆ వెంటనే దాదాపు 25 లక్షల కాడ్ చేపలు కూడా గుంపు కట్టి వాటి మీద పడ్డాయి. కొన్ని గంటల్లో కోటికి పైగా కాపెలిన్ కాడ్ కడుపుల్లోకి పోయాయి. 2024లో ఈ ఫలితాలు ప్రచురితమైనప్పుడు, అప్పటిదాకా నమోదైన వాటిలో ఇంత పెద్ద వేట లేదన్నారు.

ఈ సంఖ్య విని జాలిపడే ముందు మరొక సంఖ్య గుర్తుంచుకోవాలి. ఆ ప్రాంతంలో ఆ ఋతువులో గుడ్లు పెట్టడానికి వచ్చిన కాపెలిన్‌లో ఆ గుంపు వెయ్యో వంతు మాత్రమే. గుంపు కట్టడం వల్ల ఒక్కో చేపకు ఈత శ్రమ తగ్గుతుంది, వేటాడేవాడి కన్ను ఒకే చేప మీద నిలవడం కష్టమవుతుంది, జత దొరకడం సులభమవుతుంది. ఈ లాభాలన్నిటికీ అది చెల్లించే మూల్యం, అందరికీ ఒకేచోట దొరికిపోవడం. నిల్వ పెద్దగా ఉన్నంతకాలం ఆ మూల్యం భరించదగినదే. నిల్వ చిన్నదైపోయి, గుంపులు రెండు మూడే మిగిలిన ఏడాది, ఇదే అలవాటు దాని ప్రాణం మీదికి వస్తుంది.

ఇక గుడ్లు పెట్టడం. చాలా చేపలు గుడ్లను నీళ్లలో వదిలేస్తాయి. మన కవళ్లు, నెత్తళ్లు అలాగే చేస్తాయి, వాటి గుడ్లు తేలుతూ పోతాయి. వాటి ఋతువు కూడా నెలల తరబడి సాగుతుంది కనుక, ఒక నెల చెడినా మరో నెల ఆదుకుంటుంది. కాపెలిన్ గుడ్డు బరువైనది, జిగురుగా ఉంటుంది, అడుగునున్న గులకరాళ్లకు అతుక్కుంటుంది. బారెంట్స్ సముద్రపు చేపలు మార్చి, ఏప్రిల్ నెలల్లో నార్వే ఉత్తర తీరానికి, కోలా ద్వీపకల్పానికి వచ్చి నీటి అడుగున కంకర నేల మీద గుడ్లు పెడతాయి. ఐస్‌లాండ్ చేపలు తూర్పు తీరం చుట్టి దక్షిణ తీరం వెంబడి పడమటికి నడుస్తూ ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ పని ముగిస్తాయి. న్యూఫౌండ్‌లాండ్ చేపలలో అధికభాగం మాత్రం జూన్, జులై నెలల్లో నేరుగా ఒడ్డుకే వచ్చి, అలలు విరిగే చోట, గులకరాళ్ల తీరం మీద గుడ్లు పెడతాయి.

వెనుక కూర్చున్నవారికి తెర మీది ఛాయాచిత్రం స్పష్టంగా కనిపించకపోవచ్చు కాబట్టి మాటల్లో చెబుతాను. ముందుగా మగచేపలు తీరానికి చేరుకొని లోతులేని నీళ్లలో కాచుకొని ఉంటాయి. ఆడచేపలు కొంచెం లోతులో వేరే గుంపులుగా ఉండి, గుడ్లు పూర్తిగా పండిన తరువాతే ఒడ్డుకు వస్తాయి. ఈ సమయంలో మగచేప ఒంటి మీద రెండు పక్కలా, తల వెనుక నుంచి తోకదాకా, ఒక వరుస పొలుసులు పొడుగ్గా సాగి నూగులాంటి గట్టుగా లేస్తాయి. అలాంటిదే మరొక వరుస పొట్ట అంచున వస్తుంది. పొట్ట కింది వెనుక రెక్క వెడల్పవుతుంది. అల ఒడ్డుకు వస్తున్నప్పుడు ఆడచేప దానితో పాటు పైకి దూసుకొస్తుంది. చాలాసార్లు దానికి కుడిపక్క ఒక మగచేప, ఎడమపక్క మరొక మగచేప చేరి, ఆ గట్లతో దానిని నడుమ బిగించి పట్టుకుంటాయి. మూడూ కలిసి తడి గులకరాళ్ల మీద కొద్ది సెకన్లు తోకలతో కొట్టుకుంటూ గుంట చేస్తాయి. గుడ్లూ వీర్యమూ ఒకేసారి వెలువడతాయి, వెనక్కి పోయే అల వాటిని మళ్లీ నీళ్లలోకి లాక్కుపోతుంది. తరువాతి అల ఆ గుడ్ల మీదికి కంకరను నెడుతుంది. ఇదంతా ఎక్కువగా సాయంత్రం నుంచి తెల్లవారేలోపు, లేదా మబ్బు పట్టిన పగటిపూట జరుగుతుంది. నీటి వేడిమి 6 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండడం వాటికి ఇష్టం. తీరం మరీ వేడెక్కితే, ఒడ్డు వదిలేసి దగ్గర్లోనే నీటి అడుగున చల్లని చోట గుడ్లు పెడతాయి. ఒకే జాతి, ఒకే ఋతువులో, నీటి వేడిని బట్టి ప్రసూతి స్థలాన్ని మార్చుకోగలగడం నాకు ఈ చేపలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించిన విషయం.

ఆడచేప తన గుడ్లన్నీ ఒకే విడతలో పెట్టి వెళ్లిపోతుంది. పరిమాణాన్ని బట్టి అవి కొన్ని వేల నుంచి కొన్ని పదుల వేల దాకా ఉంటాయి. మగచేప మాత్రం అక్కడే ఉండి మళ్లీ మళ్లీ అలతో పాటు ఒడ్డెక్కుతుంది. దాని పొలుసులు రాలిపోతాయి, రెక్కలు చిరిగిపోతాయి, ఒంటి నిండా గాయాలవుతాయి. చివరికి ఆ ఋతువులోనే చనిపోతుంది. గుడ్లు పెట్టిన కాపెలిన్‌లో అధికభాగం చనిపోతాయి, తీరం మీద పెట్టే ఆడచేపల్లో కొన్ని బతికి మరుసటి ఏడాది తిరిగి వస్తాయి. సాధారణంగా మూడు, నాలుగు ఏళ్ల వయసులో ఇవి గుడ్లు పెడతాయి కాబట్టి, ఏ ఏడాది తీరానికి వచ్చే గుంపులోనైనా ఒకటి రెండు ఈడుల చేపలే ఉంటాయి. కాడ్ లాగా ఇరవై ఏళ్ల వయసున్న పెద్దలు ఈ సమాజంలో లేరు. వరుసగా రెండు ఏళ్లు పిల్లలు దక్కకపోతే, ఆ లోటును పూడ్చడానికి వెనుక నిలబడే తరం ఉండదు.

గుడ్డు సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పుంటుంది. అది పొదగడానికి పట్టే కాలం నీటి వేడిమిని బట్టి మారుతుంది. 10 డిగ్రీల దగ్గర రెండు వారాలు, 5 డిగ్రీల దగ్గర దాదాపు నెల పడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల, అంటే డింభకం, 5 మిల్లీమీటర్ల పొడవున, పారదర్శకంగా, కొద్దిపాటి సొనతో ఉంటుంది. ఇక్కడే కథలో అసలు మలుపు ఉంది. అది పొదిగిన వెంటనే నీళ్లలోకి పోదు, గులకరాళ్ల సందుల్లోనే ఆగుతుంది. కెన్నెత్ ఫ్రాంక్, విలియం లెగెట్ అనే కెనడా శాస్త్రవేత్తలు 1981లో దీనికి కారణం చూపించారు. న్యూఫౌండ్‌లాండ్ తూర్పు తీరంలో నేల మీద నుంచి సముద్రం వైపు గాలి వీచినప్పుడు, పైనున్న వెచ్చని నీరు దూరంగా పోయి, అడుగునున్న చల్లని నీరు ఒడ్డుకు వస్తుంది. ఆ నీటిలో డింభకం నోటికి సరిపోయే చిన్న తిండి తక్కువ, జెల్లీచేపల వంటి శత్రువులు ఎక్కువ. గాలి తిరిగి సముద్రం మీద నుంచి తీరానికి వీచినప్పుడు వెచ్చని నీరు వెనక్కి వస్తుంది, తిండి పెరుగుతుంది, శత్రువులు తగ్గుతారు. సరిగ్గా ఆ గాలి రేపిన అలల తాకిడికే గులకరాళ్లు కదిలి, నీటి వేడి పెరిగి, లక్షల డింభకాలు ఒక్కసారిగా బయటికి వస్తాయి. గాలి తిరగడం ఆలస్యమైతే రాళ్ల సందుల్లో ఉన్నవాటి సొన కరిగిపోతుంది, బయటికి వచ్చేసరికి అవి బలహీనంగా ఉంటాయి.

మన మెట్టరైతు అదును, పదును రెండూ చూసి విత్తనం వేస్తాడు. వాన కురవడం ఒక్కటే చాలదు, కురిసిన నాలుగు రోజుల్లోపు విత్తనం నేలలో పడాలి. కాపెలిన్ బతుకు మొత్తం ఆ మెట్ట సేద్యమే. మంచు ఎప్పుడు కరిగింది, ప్లవకాలు ఎప్పుడు విరిశాయి, తీరం ఎప్పుడు వెచ్చబడింది, గాలి ఎప్పుడు తిరిగింది అన్న నాలుగింటిలో ఏ ఒక్కటి రెండు వారాలు తప్పినా ఆ ఏటి పంట పోతుంది. అందుకే కాపెలిన్ రాశి ఒక ఏడాదికీ మరొక ఏడాదికీ పదింతలు పెరగడం, పదో వంతుకు పడిపోవడం వింత కాదు. అందుకే దానిని పట్టుకొనే దేశాలు లెక్కల్లో తరచుగా బోల్తాపడ్డాయి కూడా.

న్యూఫౌండ్‌లాండ్ పల్లెల్లో ఈ చేప రాక ఒక పండుగ. జూన్ నెలలో చలి, పొగమంచు, సన్నజల్లు కలిసి వచ్చే రోజులకు అక్కడివారు కాపెలిన్ వాతావరణమనే పేరు పెట్టుకున్నారు. సెయింట్ జాన్స్ నగరానికి దగ్గరలోని మిడిల్ కోవ్ తీరానికి ఇప్పటికీ జనం బకెట్లు, విసురువలలు పట్టుకొని వస్తారు. ఒకప్పుడు బంగాళాదుంప తోటలకు ఎరువుగా బండ్లకొద్దీ చల్లేవారు, కాడ్ పట్టడానికి ఎరగా వాడేవారు, ఉప్పు రాసి ఎండబెట్టి చలికాలానికి దాచుకొనేవారు, కుక్కలకు పెట్టేవారు. 1970లలో విదేశీ పెద్ద ఓడలు నడిసముద్రంలో దీనిని లక్షల టన్నుల్లో పట్టాయి. ఆ దశాబ్దం చివర జపాన్‌లో గుడ్లున్న ఆడచేపకు గిరాకీ పెరిగింది. అక్కడి హొక్కైడో దీవికి మాత్రమే పరిమితమైన షిషామో అనే చేప అరుదై, ఖరీదవడంతో, దాని బదులు కాపెలిన్ అమ్మకానికి వచ్చింది. ఆడచేప ఒక్కటే కావాలి కాబట్టి, వలలో పడ్డ మగచేపలను పారబోసిన కాలమూ ఉంది. నా దృష్టిలో ఆ వ్యాపారంలో సమర్థించలేని భాగం అదే.

1990, 1991 మధ్య ఒక్క ఏడాదిలో న్యూఫౌండ్‌లాండ్ నిల్వ ధ్వని సర్వేల్లో పదో వంతుకన్నా తక్కువకు పడిపోయింది. అది అసాధారణంగా చల్లని కాలం, మంచు చాలా ఆలస్యంగా తొలగింది. అప్పటినుంచి తీరానికి వచ్చే చేపలు చిన్నవయ్యాయి, గుడ్లు పెట్టే కాలం దాదాపు మూడు వారాలు ఆలస్యమైంది, మామూలుగా అరుదుగా ఉండే దక్షిణపు సముద్ర మిట్టల దగ్గర కొన్నాళ్లు కాపెలిన్ కనిపించాయి. 1992 జులై 2న కెనడా మత్స్యశాఖ మంత్రి జాన్ క్రాస్బీ ఉత్తర కాడ్ వేటను నిలిపివేస్తున్నట్టు ప్రకటించాడు. సుమారు 30 వేలమందికి పని పోయింది. కాడ్ కూలిపోవడానికి ప్రధాన కారణం దశాబ్దాల మితిమీరిన వేట. కానీ అది ముప్పై ఏళ్లయినా పూర్తిగా కోలుకోకపోవడానికి కారణాలు వెతికితే, కాపెలిన్ లేకపోవడం ముందు వరుసలో నిలుస్తుంది. కాపెలిన్ తిన్న కాడ్‌కు కాలేయం పెద్దదిగా, కొవ్వుతో నిండి ఉంటుంది. అది లేనిచోట కాడ్ రొయ్యలతో కడుపు నింపుకొని బక్కచిక్కి ఉంటుంది.

ఈ పతనం మీద వాదం కూడా నడిచింది. తీరంలోని జాలరులు తమకు చేప ఎప్పటిలాగే దొరుకుతోందని చెప్పేవారు. 2016లో ఫ్రాంక్, ఆయన సహచరులు నిల్వ నిజంగా కూలలేదని, చేపలు సర్వే జరిగే కాలానికీ చోటుకూ అందకుండా జరిగాయని వాదించారు. మూడేళ్ల తరువాత అలెహాండ్రో బ్యూరెన్, ఆయన సహచరులు పక్షుల ఆహారం, కాడ్ కడుపుల్లో దొరికిన చేపలు, డింభకాల లెక్క వంటి వేర్వేరు సాక్ష్యాలను కలిపి చూసి, పతనం నిజమేనని చూపించారు. నాకు రెండవ పక్షమే బలంగా తోస్తోంది. అయితే జాలరుల మాటను కొట్టిపారేయడం తప్పవుతుంది. గుంపుగా తిరిగే చేప నిల్వ ఎంత తగ్గినా, గుంపు ఉన్నచోట మాత్రం ఎప్పటిలాగే దట్టంగా ఉంటుంది. వల నిండినంతకాలం వల వేసేవాడికి సముద్రం ఖాళీ అయినట్టు తెలియదు.

బారెంట్స్ సముద్రపు కథ ఇంకొక రకం. అక్కడ మంచి కాలంలో నిల్వ 70 లక్షల టన్నులు దాటేది, 1977లో దాదాపు 30 లక్షల టన్నులు పట్టారు. 1986 నాటికి మొత్తం రాశి 2 లక్షల టన్నుల లోపుకు దిగిపోయింది. వేట దానిని తొందరపెట్టింది, కానీ మూలకారణం హెర్రింగ్. 1983లో పుట్టిన హెర్రింగ్ పిల్లలు విపరీతంగా బతికి బారెంట్స్ సముద్రంలోకి వచ్చి, ఏటేటా కాపెలిన్ డింభకాలను తినేశాయి. తరువాత జరిగినది ఆ సముద్రం చరిత్రలో మరిచిపోలేనిది. ఆ సముద్రపు అంచునున్న బేర్ ద్వీపం మీద గూళ్లు కట్టే సాధారణ గిల్లెమాట్ పక్షుల్లో దాదాపు 85 శాతం ఒక్క శీతాకాలంలో పోయాయి. పక్కనే ఉండే బ్రూనిక్ గిల్లెమాట్‌లు ఇతర తిండి కూడా తింటాయి కాబట్టి అంతగా నష్టపోలేదు. ఆకలితో హార్ప్ సీల్‌లు నార్వే తీరానికి దండెత్తినట్టు వచ్చాయి, 1987లో అర లక్షకు పైగా సీల్‌లు జాలరుల వలల్లో చిక్కి మునిగి చనిపోయాయి. కాడ్ ఎదుగుదల మందగించింది.

1990ల నడుమ, 2000ల తొలి భాగంలో ఆ నిల్వ మళ్లీ రెండుసార్లు కూలింది. కానీ ఆ రెండుసార్లు పక్షులకు, సీల్‌లకు మొదటిసారంత కీడు జరగలేదు, ఎందుకంటే అప్పుడు సముద్రంలో వేరే తిండి కొంత దొరికింది. మధ్యదారి సన్నదే అయినా, అది మూసుకుపోయిన ప్రతిసారీ ఒకే ఫలితం రాదని ఈ మూడు పతనాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఈ అనుభవం నుంచే నార్వే, రష్యా ఉమ్మడిగా ఒక నియమం చేసుకున్నాయి. కాడ్ తినగా, ఓడలు పట్టగా, గుడ్లు పెట్టడానికి కనీసం 2 లక్షల టన్నుల కాపెలిన్ మిగిలే సంభావ్యత 95 శాతం ఉంటేనే వేటకు అనుమతిస్తారు. లేకపోతే ఆ ఏడాది కోటా సున్నా. కాడ్ వాటాను ముందుగా లెక్కలోంచి తీసేసి, మిగిలినది మనిషికి ఇవ్వడం దీనిలోని విశేషం. మత్స్య నిర్వహణలో ఇంత సూటిగా ఉన్న నియమాలు నాకు ఎక్కువ కనిపించలేదు.

ఐస్‌లాండ్‌లో ఈ చేప ఒక దేశపు ఆదాయ వ్యవహారం. అక్కడ శీతాకాలం కొన్ని వారాల్లోనే దాదాపు మొత్తం వేట ముగుస్తుంది. మొదట దొరికినది చేపపొడి, చేపనూనెలకు పోతుంది. భీమవరం ప్రాంతపు ఆక్వా రైతులకు చేపపొడి విలువ గురించి నేను చెప్పనవసరం లేదు, ఐస్‌లాండ్ చేపపొడి సాల్మన్ మేతలోకి చేరుతుంది. మార్చి వచ్చేసరికి గుడ్లు పండుతాయి, అప్పుడు గుడ్లను వేరుచేసి జపాన్‌కు పంపుతారు, లాభమంతా ఆ చివరి రోజుల్లోనే ఉంటుంది. 2019, 2020 సంవత్సరాల్లో వరుసగా రెండు ఋతువులు సర్వే ఓడలకు సరిపడా చేప కనిపించక కోటా ఇవ్వలేదు. వేటకు సిద్ధమైన ఓడలు రేవుల్లోనే ఉండిపోయాయి, దేశ ఆర్థిక అంచనాలనే దించి రాయవలసి వచ్చింది. 2021లో వేట తిరిగి మొదలైంది, 2024 శీతాకాలంలో మళ్లీ ఆగింది.

మరి ముందుగా తెలుసుకోవడం సాధ్యమా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. న్యూఫౌండ్‌లాండ్‌లో ఇప్పుడు అనుసరిస్తున్న పద్ధతి మూడు విషయాల మీద నిలబడింది. ట్రినిటీ అఖాతంలో వేసవిలో సన్నకన్ను వలలతో డింభకాలను లెక్కిస్తారు, ఎందుకంటే రాళ్లలోంచి బయటికి వచ్చిన తొలి వారాల్లో ఎన్ని బతికాయన్నదే రెండేళ్ల తరువాత రాబోయే గుంపు పరిమాణాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. వసంతంలో మంచు ఏ తేదీకి వెనక్కి తగ్గిందో ఉపగ్రహ చిత్రాల్లో చూస్తారు. శరత్కాలంలో పెద్ద చేపలు ఎంత పుష్టిగా ఉన్నాయో తూచి చూస్తారు. ఈ మూడూ కలిపితే రాబోయే ఏడాదికి అంచనా వస్తుంది, అందులో తప్పు పడే అవకాశం కూడా కొలిచి చెబుతారు. మంచు త్వరగా తొలగడం కూడా మేలు చేయదని, మరీ ఆలస్యమైతే కీడు జరిగినట్టే మరీ ముందుగా తొలగినా ప్లవకాలకూ చేపకూ పొత్తు కుదరదని ఈ లెక్కల్లోనే తేలింది. మంచు తేదీలు పాత హద్దులు దాటి జరుగుతున్న కాలంలో ఆ అంచనాలు ఎంతవరకు నిలుస్తాయో రాబోయే పదేళ్ల సర్వేలు చెప్పాలి. తీరప్రాంత విద్యార్థులెవరైనా ఈ లెక్కింపు పద్ధతుల గురించి అడగదలిస్తే, ప్రశ్నలను అక్కడినుంచే మొదలుపెడదాం.